కరెంటు పోవడం వేరు, తీసెయ్యడం వేరు: బోరు మోటార్ స్టార్టర్ విప్పే ముందు ఎలా చెక్ చేయాలి?

మన వైపు స్టార్టర్ మొరాయిస్తే చాలామంది చేసేది ఒకటే, కరెంటు పోయేదాకా ఆగడం, షెడ్డులో బల్బు ఆరగానే స్క్రూడ్రైవర్ పట్టుకుని డబ్బా విప్పెయ్యడం. ఇంతకన్నా డేంజర్ పని ఇంకోటి లేదండి. పోయిన కరెంటు ఎప్పుడొస్తుందో మనకి చెప్పి రాదు, పైగా ఆటో ఆన్‌లో ఉంటే ఫేజులు రాగానే మోటార్ దానంతటదే ఎత్తుకుంటుంది, మొబైల్ స్టార్టర్ అయితే ఇంట్లోంచి ఎవరో ఫోన్ కొట్టినా చాలు.

ఇంకో సంగతి, లైన్‌లో కరెంటే లేనప్పుడు మీటర్ పెడితే మెయిన్ స్విచ్ ఆన్‌లో ఉన్నా సున్నానే, ఆఫ్‌లో ఉన్నా సున్నానే. ఆ సున్నా దేనికీ పనికిరాదు. త్రీ ఫేజ్ ఉన్న టైములోనే చెక్ చెయ్యాలి.

జేబులో టెస్టర్‌ని నమ్ముకోకండి. మిట్టమధ్యాహ్నం ఎండలో దాని వెలుగు కనపడి చావదు, రబ్బరు చెప్పులేసుకుని ఎండు చెక్క మీద నిలబడితే సరిగ్గా వెలగదు కూడా. వెలిగితే కరెంటు ఉన్నట్టే, వెలగకపోతే మాత్రం లేనట్టు కాదు. క్యాట్ త్రీ (మీటర్ ఎలాంటి లైన్‌ని తట్టుకుంటుందో చెప్పే సేఫ్టీ గుర్తు) 600 వోల్టులు అని రాసున్న మల్టీమీటర్ కావాలి, ఎర్ర లీడు వోల్టుల సాకెట్‌లోనే ఉందో లేదో చూస్కోండి, ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి ఫేజుల మీద ఆనించారంటే షార్టే.

ముందు స్టాప్ నొక్కి మోటార్ ఆపి, ఆటో తీసెయ్యండి. మెయిన్ ఆన్‌లోనే ఉంచి స్టార్టర్‌కి కరెంటు వచ్చే టెర్మినల్స్ దగ్గర మూడు ఫేజుల్ని (ఆర్, వై, బి) రెండేసి చొప్పున ఆర్-వై, వై-బి, బి-ఆర్ చూడండి, 415 వోల్టులకి కాస్త అటూ ఇటూ రావాలి, లైన్ చివర పొలాలైతే తక్కువే వస్తుంది లెండి. తర్వాత ఒక్కో ఫేజునీ ఎర్తింగ్‌తో చూడండి, 240 దగ్గర్లో రావాలి, రాలేదంటే మీ ఎర్త్ వైరు ఎక్కడో తెగింది. ఇది కరెంటు ఉండగా చేసే పని కాబట్టి చేతులు పొడిగా ఉండాలి, కాళ్ళ కింద రబ్బరు మ్యాట్ ఉండాలి, అలవాటు లేనివాళ్ళు ఇక్కడే ఆగి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

ఇప్పుడు మెయిన్ ఆఫ్ చేసి ఫ్యూజులు పీకి జేబులో వేసుకోండి, గట్టు మీద పెట్టొద్దు, పాపం సాయం చేద్దామని ఎవరో ఒకరు తెచ్చి పెట్టేస్తారు. హ్యాండిల్‌కి తాళం వెయ్యండి. మెయిన్ ఆఫ్ అయినా సర్వీసు వైరు వచ్చే పై టెర్మినల్స్‌లో కరెంటు ఉంటూనే ఉంటుంది, అటు వేలు పోనివ్వొద్దు.

మళ్ళీ అవే టెర్మినల్స్, అవే ఆరు రీడింగులు, న్యూట్రల్ ఉంటే అది కూడా. ఫేజుకీ ఫేజుకీ చూసి వదిలెయ్యొద్దు, మెయిన్ స్విచ్ మూడు బ్లేడుల్లో ఒక్కటి అతుక్కుపోతే అది ఎర్తింగ్‌తో పెట్టినప్పుడే ఖచ్చితంగా దొరుకుతుంది.

సున్నా వచ్చాక వెంటనే చెయ్యి పెట్టకండి, మీటర్‌ని కరెంటున్న ప్లగ్గులో ఇంకోసారి చూడండి. నాకు ఒకసారి అన్నీ సున్నాలే వచ్చాయి, ఎందుకో అనుమానమొచ్చి షెడ్డు ప్లగ్గులో పెడితే అక్కడా సున్నానే, పక్కనేమో బల్బు వెలుగుతోంది! ఎర్ర లీడు మొదట్లో లోపల తీగ తెగింది, పైకి ఏమీ కనపడదు, వంచితే రీడింగ్ వస్తోంది, వదిలితే పోతోంది. వేరే లీడు తెచ్చి చూస్తే స్టార్టర్‌లో మధ్య ఫేజు బతికే ఉంది. అప్పట్నుంచి ముందోసారి, తర్వాతోసారి మీటర్‌ని చూడకుండా నేను పని మొదలుపెట్టను.

కెపాసిటర్ ఉంటే మెయిన్ తీసినా దానిలో 580 వోల్టుల పైన డీసీ నిలవుండొచ్చు. అయిదు నిమిషాలాగి మీటర్‌ని డీసీలో పెట్టి చూడండి, ఇంకా ఉంటే ఇంకాసేపు ఆగండి, స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి టప్పుమనిపించడం మాత్రం వద్దు.

ఇదంతా స్టార్టర్ వరకే. మెయిన్ స్విచ్చే పాడైనా, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోయినా మన పని కాదు. ఏబీ స్విచ్ (స్తంభం మీద లైన్‌ని విడదీసే స్విచ్) కిందికి లాగితే తీసినట్టే కనపడుతుంది గానీ పైన ఒక బ్లేడు ఊడకుండా ఉండిపోవచ్చు, అందుకే లైన్‌మన్ సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ (లైన్ తీసేశాం, పని చేసుకోవచ్చన్న అనుమతి) తీసుకుని, ఎర్త్ చేసి గానీ ఎక్కకూడదు. 1912కి ఫోన్ చేసి కంప్లైంట్ నంబర్ రాసిపెట్టుకోండి.