హైదరాబాద్‌లో దిగాక నెట్ సంగతి: విదేశాల నుంచి కొత్తగా వచ్చినవారికి

2022 ఎండాకాలంలో డాలస్‌లో సామాన్లు సర్దుకుంటూ నేను చేసిన పిచ్చి పనుల్లో ఒకటి, దేశదేశాల ఇంటర్నెట్ వేగాల పట్టిక ముందేసుకుని కూర్చోవడం. ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌లో చిలీ, సింగపూర్ పైన ఉన్నాయి. మనం డెబ్బై దాటాక ఎక్కడో ఉన్నాం. మొబైల్ వేగంలో అయితే వంద కూడా దాటేశాం. ఇంటి నుంచి పనిచేస్తానని ఆఫీసుకి మాటిచ్చేసి ఉన్నాను, ఇంకేముంది, టెన్షన్.

నిజాంపేటలో దిగిన నాలుగో రోజు 200 ఎంబీపీఎస్ (నెట్ వేగానికి కొలత) ఫైబర్ లైను పెట్టించుకున్నాం. సాయంత్రానికల్లా టెన్షన్ పోయింది. తొమ్మిదో రోజు లైనే పోయింది. పట్టిక చూసి నేను భయపడింది వేగం గురించి. ఇక్కడ జాగ్రత్త పడాల్సింది లైను నిలకడ గురించి, దూరం గురించి. ఈ రెండూ ఆ పట్టికలో కనబడవు. అమెరికా నుంచో, సిడ్నీ నుంచో, గల్ఫ్ నుంచో కొత్తగా వచ్చి ఇల్లు వెతుక్కుంటున్నవాళ్ల కోసం, నాలుగేళ్లలో నేను తెలుసుకున్నది రాస్తున్నాను.

ముందు ఆ పట్టిక సంగతి. దాన్ని తయారుచేసేది స్పీడ్ టెస్ట్ యాప్ నడిపే ఊక్లా కంపెనీ. వాళ్లు ఇచ్చేది మధ్యస్థ వేగం. అంటే స్పీడ్ టెస్ట్ చేసినవాళ్లను వరుసగా నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్న మనిషికి ఎంత వస్తోందో అది. 2024లో ఇంటి లైన్ల లెక్కన సింగపూర్ 300 ఎంబీపీఎస్ దరిదాపుల్లో ఉంటే మన దేశం 60 దగ్గర ఉంది. చూడగానే మన వైర్లు అంత నాసిరకమా అనిపిస్తుంది. కానీ నెలకు 400 రూపాయల ప్లాను తీసుకుంటే 30 ఎంబీపీఎస్, 500కి 40. ఇద్దరో ముగ్గురో ఉన్న ఇంటికి అది సరిపోతుంది కాబట్టి జనం అదే తీసుకుంటారు. అదే వైరు మీద, ఇంట్లో పెట్టే అదే డబ్బాతో, వెయ్యి పెడితే 200 వస్తుంది, ఇంకా పెడితే 1 గిగాబిట్ (వెయ్యి ఎంబీపీఎస్) కూడా వస్తుంది. ఆ అంకెలో సగం మన వైరు సత్తా, సగం మన పొదుపు. మా బాబాయి ఇప్పటికీ 40 మీదే ఉన్నాడు. "సీరియల్ ఆగకుండా వస్తోందిరా, ఇంకెందుకు?" అంటాడు. కాదనడానికి నా దగ్గర జవాబు లేదు.

మొబైల్ కథ వేరు. 2022 అక్టోబర్ 1న 5జీ మొదలైంది. అప్పటికి మన మొబైల్ మధ్యస్థ వేగం 13.87 ఎంబీపీఎస్, స్థానం 119. 2023 ఆగస్టుకి 50.21కి పెరిగి 47వ స్థానానికి వచ్చాం. 2024 చివరికి వంద దగ్గరకు వెళ్లింది. అందుకే ఇక్కడ ఇంటి లైను కంటే ఫోను ముందుంటుంది. కేబుల్ నెట్‌కి అలవాటు పడి అమెరికా నుంచి వచ్చినవాళ్లకి ఇది తలకిందులుగా కనిపిస్తుంది. దేశంలో వైరు కనెక్షన్లు నాలుగు కోట్ల పైచిలుకు, ఫోన్ మీద బ్రాడ్‌బ్యాండ్ వాడేవాళ్లు తొంభై కోట్ల పైనే. ఎవరి మీద పెట్టుబడి పెడతారో మీరే చెప్పండి.

ఇంకోటి, ఆ పట్టికను డౌన్‌లోడ్ వేగాన్ని బట్టి వరుస కడతారు. డాలస్‌లో నా కేబుల్ లైనుకి డౌన్‌లోడ్ 400, అప్‌లోడ్ ఇరవై. మా పెద్దమ్మ కొడుకుది సిడ్నీలో 100 ప్లాను, అప్‌లోడ్ అక్కడా ఇరవయ్యే. ఇక్కడ ఇంటికొచ్చే ఫైబర్ ప్లాన్లలో చాలావాటికి రెండు వైపులా ఒకటే వేగం. వీడియో కాల్స్‌లో బతికేవాళ్లకి, పెళ్లి వీడియోలు క్లౌడ్‌లోకి ఎక్కించేవాళ్లకి ఇది పెద్ద లాభం. ఆ సిడ్నీ తమ్ముడు ఇక్కడికి వచ్చిన వారానికే "అన్నయ్యా, అక్కడికంటే ఇదే నయం" అన్నాడు. దుబాయ్ నుంచి వచ్చిన మా పక్క ఫ్లాటాయన సంతోషం ఇంకో రకం. అక్కడ వేగం ప్రపంచంలోనే మొదటి వరుస, వాట్సాప్ కాల్ మాత్రం కలిసేది కాదు. ఇక్కడికొచ్చాక రోజూ లిఫ్టులో కూడా వాట్సాప్‌లోనే మాట్లాడుతుంటాడు.

ఇక పనిలోకి వద్దాం. మొదట సిమ్. బ్యాంకు, గ్యాస్ బుకింగ్, యూపీఐ, చివరికి అపార్ట్‌మెంట్ గేటు యాప్ కూడా ఇక్కడి నంబరు అడుగుతాయి. ఆధార్ ఉంటే పని పది నిమిషాలు, విదేశీ పౌరసత్వం ఉన్నవాళ్లు పాస్‌పోర్టు, వీసా లేదా ఓసీఐ (భారతీయ మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే కార్డు) కాగితాలు పట్టుకెళ్లాలి. అక్కడి నంబరు మాత్రం వదిలేయకండి. అక్కడి బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. కనీస ప్లాను మీద బతికించి ఉంచుకోండి. రోజుకు 2 జీబీ, ఆపైన డేటా ఉన్న రీచార్జ్ చేయిస్తే పెద్ద కంపెనీల దగ్గర 5జీ అపరిమితం. ఇంటి లైను వచ్చేదాకా హాట్‌స్పాట్‌తో నెట్టుకురావచ్చు.

ఇల్లు చూసుకునేటప్పుడు వాస్తు చూస్తారు, మంజీరా నీళ్లు వస్తాయా అని అడుగుతారు. అదే ఊపులో ఇంకో రెండు ప్రశ్నలు అడగండి. మొదటిది, ఈ బిల్డింగ్‌లోకి ఏ ఏ కంపెనీల ఫైబర్ వస్తుంది? కొన్ని గేటెడ్ కమ్యూనిటీల్లో అసోసియేషన్ ఒక్క కంపెనీనే లోపలికి రానిస్తుంది. మీకు నచ్చిన కంపెనీ ఎదురు వీధిలో ఉన్నా మీ ఫ్లాట్‌కి రాదు. రెండోది ఓనర్ని కాదు, వాచ్‌మన్‌ని అడగాలి: నెట్ పోతే ఎవరు వస్తారు, ఎంతసేపటికి వస్తారు? కంపెనీ అమ్మకాల కుర్రాడు చెప్పని నిజం వాచ్‌మన్ చెబుతాడు. నేను మొదట తీసుకున్న కంపెనీ గురించి మా వాచ్‌మన్ "ఆళ్లు సక్కగ రారు సార్" అని ముందే అన్నాడు. వినలేదు. ఆరు నెలల డబ్బు ఒకేసారి కడితే ఒక నెల ఉచితం అన్నారని కట్టేశాను. మొదటి మూడు నెలల్లో పదకొండుసార్లు లైను పోయింది. యాప్‌లో ఫిర్యాదు పెట్టిన గంటలోపు "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చేది, డబ్బా మీద ఎర్ర లైటు మాత్రం అలాగే వెలుగుతూ ఉండేది. కాబట్టి మొదటి రెండు నెలలూ నెలనెలా కట్టండి. చెప్పే ధర మీద 18 శాతం జీఎస్టీ అదనం. అపరిమితం అన్నదానికీ చాలా ప్లాన్లలో నెలకు 3,300 జీబీ హద్దు ఉంటుంది, మామూలు ఇల్లు దాని దగ్గరకు కూడా వెళ్లదు.

లైను ఎందుకు పోతుందో తెలియాలంటే తల పైకెత్తి చూడండి. మన ఊళ్లో ఫైబర్ చాలాచోట్ల భూమిలో ఉండదు, కరెంటు స్తంభాల మీద చుట్టలు చుట్టలుగా వేలాడుతుంది. రోడ్డు తవ్వినా, చెట్టు కొమ్మ విరిగినా, పెద్ద గణపయ్యను మండపానికి తెస్తూ వైర్లు పైకెత్తినా ఎక్కడో ఒకచోట తెగుతుంది. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి శోభాయాత్ర రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత విద్యుత్ శాఖవాళ్లు స్తంభాల మీది కేబుళ్లను కత్తిరించడం మొదలుపెట్టారు. నగరంలో చాలా ఇళ్లకు నెట్ ఆగిపోయింది, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. నెట్ లేదని విసుక్కున్నాం గానీ, ఆ వైర్ల కింద నుంచే రోజూ పిల్లలు స్కూలుకి నడిచి వెళ్తారు.

ఓసారి మా లైను తెగితే అతికించడానికి వచ్చిన కుర్రాడి పక్కనే నిలబడి చూశాను. ఒక భుజాన నిచ్చెన, ఇంకో భుజాన టిఫిన్ క్యారియరంత పెట్టె. తెగిన రెండు కొసల మీది నల్ల తొడుగు ఒలిచాడు, లోపలి పొర గీకాడు, స్పిరిట్ తడిపిన దూదితో తుడిచాడు. మిగిలింది వెంట్రుకంత గాజు పోగు. రెండు కొసలూ సమంగా కత్తిరించి పెట్టెలో ఎదురెదురుగా పెట్టి మూత వేస్తే, చిన్న తెర మీద రెండు గీతలు ఒకదాని వైపు ఒకటి జరిగి, ఒక మెరుపు మెరిసి, ఒక్క గీత అయ్యాయి. "అయిపోయిందన్నా, లైటు చూడు" అన్నాడు. ఇంట్లోంచి మా అమ్మాయి "పచ్చ వచ్చింది నాన్నా" అని కేకేసింది. పదిహేను నిమిషాల పని. దానికోసం అంతకుముందు మేం ఎదురుచూసింది రెండు రోజులు.

ఇంటి నుంచి పనిచేసేవాళ్లు రెండు లైన్లు పెట్టుకోండి. రెండోది వేరే కంపెనీది, వీలైతే వేరే వైపు నుంచి వచ్చేది. ఒకే స్తంభం మీద నుంచి వచ్చేవి రెండుంటే ఒకటున్నట్టే లెక్క. రెండు 400 రూపాయల ప్లాన్లు ఒక 1,000 రూపాయల ప్లాను కంటే మేలని నేను ఎవరికైనా చెబుతాను. కరెంటు పోయినప్పుడు రూటరు ఆగకుండా దానికి మాత్రమే పనికొచ్చే చిన్న యూపీఎస్ దొరుకుతుంది, అరచేతి కన్నా కొంచెం పెద్దది. నిజమైన ఫైబర్ అయితే దాంతో పని జరుగుతుంది. మెట్ల కింద నెట్‌ని ఇళ్లకు పంచే స్విచ్ బాక్స్ పెట్టి అక్కడి నుంచి నీలం లాన్ వైరు (రాగి తీగల వైరు) లాగిన పాత పద్ధతి అయితే, కింద కరెంటు పోతే పైన మీ యూపీఎస్ వెలుగుతున్నా నెట్ రాదు. లైను పెట్టించేముందే అడగండి: "ఇంట్లోకి వచ్చేది ఫైబరా, లాన్ వైరా?"

అక్కడి నుంచి మంచి రూటరు మోసుకొచ్చారా? అడాప్టరు మీద 100-240 వోల్టులు అని ఉంటేనే ప్లగ్గులో పెట్టండి. దాని ప్రతాపం మాత్రం ఇక్కడ తగ్గుతుంది. డాలస్‌లో మా ఇంటి గోడలు చెక్క చట్రం మీద కొట్టిన పలచటి పలకలు, ఒక మూలన రూటరు పెడితే ఇల్లంతా అందేది. ఇక్కడ తొమ్మిదంగుళాల ఇటుక గోడ, పైన సిమెంటు స్లాబు. హాల్లో 200 వచ్చేది వెనక బెడ్‌రూమ్‌లో 15. నెట్ బాలేదని నాలాగే కంపెనీని తిట్టేముందు, రూటరు పక్కనే నిలబడి ఒకసారి పరీక్ష చేయండి. ఇంటీరియర్ పనులు చేయిస్తుంటే ప్రతి గదికీ ఒక లాన్ వైరు గోడలోంచి లాగించండి. తర్వాత గోడలు పగలగొట్టనివ్వమని ఇంట్లోవాళ్లని ఒప్పించడం అయ్యే పని కాదు.

ఎంత డబ్బు పెట్టినా తగ్గనిది దూరం. హైదరాబాద్ నుంచి డాలస్ సుమారు 14,000 కిలోమీటర్లు. గాజు పోగులో వెలుతురు సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. తిన్నగా వైరు వేసినా, పోయి రావడానికి 140 మిల్లీసెకన్లు, అంటే సెకనులో ఏడో వంతు, ఖాయం. మన దగ్గర సముద్రం లేదు కాబట్టి ముందు ముంబైకో చెన్నైకో వెళ్లి, అక్కడ సముద్రంలో దిగి, చుట్టూ తిరిగి వెళ్లాలి. నాకు మామూలుగా 240 పైనే పడుతుంది. అమెరికాలో ఉన్న కంప్యూటర్‌ని ఇక్కడి నుంచి నడిపితే మౌస్ కదిపాక ఒక్క క్షణం ఆగి బాణం కదులుతుంది. 1 గిగాబిట్ ప్లాను తీసుకున్నా అంతే. ఆఫీసు ఒప్పుకుంటే మీరు దూరం నుంచి వాడే ఆ కంప్యూటర్‌ని ముంబై సర్వర్లకో, 2022 నవంబరులో అమెజాన్ తెరిచిన హైదరాబాద్ సర్వర్లకో మార్పించుకోండి. పిల్లల ఆటల్లో కూడా సర్వరు ముంబై లేదా సింగపూర్ అని మార్చండి. మా వాడు నెల రోజులు అమెరికా సర్వరులో పాత స్నేహితులతో ఆడి, ఓడిపోయి, నెట్‌ని తిట్టాడు. సర్వరు మార్చాక ఇప్పుడు స్నేహితుల్ని మిస్ అవుతున్నాడు.

2025 సెప్టెంబరులో జెడ్డా దగ్గర ఎర్ర సముద్రంలో కేబుళ్లు తెగినప్పుడు మన నెట్ కూడా నెమ్మదించింది. అలాంటి రోజున ఇక్కడి స్పీడ్ టెస్ట్‌లో 200 నిక్షేపంగా కనబడుతుంది, ఎందుకంటే ఆ పరీక్ష సర్వరు ఊళ్లోనే ఉంటుంది. అనుమానం వస్తే పరీక్ష యాప్‌లో సర్వరును మీ ఆఫీసు ఊరికి మార్చి చూడండి, ఆ ఫొటో మేనేజరుకి పంపండి.

ఆఖరుగా, లైను వేయడానికి వచ్చిన కుర్రాడికి మంచినీళ్లిచ్చి, డబ్బా వెనకాల రెండు మీటర్ల ఫైబర్ చుట్ట అదనంగా వదలమనండి, టేబులు జరపాల్సి వచ్చినా, కొస విరిగినా పనికొస్తుంది. అతని నంబరు ఫోన్‌లో వేసుకోండి. నా ఫోన్‌లో "నెట్ శీను", "నెట్ శీను కొత్త నంబర్", "నెట్ శీను తమ్ముడు" అని మూడున్నాయి. మూడోది ఎత్తుతుంది.