క్యారెక్టర్ వేషం కట్టాలంటే: బొంకుల దిబ్బ నుంచి కెమెరా ముందుకి

పరిషత్తు పోటీ నాటకాల్లో ముసలి వేషం తరచు పాతికేళ్ల కుర్రాడికి పడుతుంది. నడుం వంచి, గొంతు వణికించి, చేతికో కర్ర తీసుకుంటే పనైపోయిందనుకుంటాడు. వంచిన నడుం పావుగంటకి తెలీకుండానే నిటారైపోతుంది. వణికే గొంతులో సగం మాటలు మైకుకి అందవు. వయసు సంగతి తర్వాత, ముందు ఆ మనిషి దేనికోసం బతుకుతున్నాడో పట్టుకోండి.

దీనికి కన్యాశుల్కాన్ని మించిన పాఠం మన ఉత్తరాంధ్ర నటుడికి లేదు. 1892లో విజయనగరంలోనే మొదట ఆడిన నాటకం అది, తెర లేచేది కూడా ఆ ఊరి బొంకుల దిబ్బ దగ్గరే. సాధనకి మాత్రం గురజాడ 1909లో పెంచి రాసిన ప్రతి తీసుకోండి. అందులో ముగ్గురు పెద్దవాళ్లున్నారు. అగ్నిహోత్రావధాన్లుది కోపం. మాట కంటే ముందు భుజం లేవాలి. లుబ్ధావధాన్లుది పిసినారితనం. డబ్బు మాట వినబడితే చెయ్యి రొంటి దగ్గరికి పోవాలి, అడుగు చిన్నదవ్వాలి. రామప్పంతులు వయసు దాచుకునే రకం. నలుగురిలో ఛాతీ విరుచుకుని తిరుగుతాడు, ఎవరూ చూడనప్పుడు మాత్రం బరువుగా కూలబడతాడు. ఒకే దృశ్యాన్ని ముగ్గురిలాగా నడిచి చూస్తే ముసలితనం మూడు రకాలని ఒంటికే తెలుస్తుంది.

నడుం జోలికి పోకండి. మోకాళ్లు కొంచెం సడలించి, పాదాలు ఎడంగా పెట్టి, తల తిప్పాల్సినచోట భుజాలతో సహా తిరగండి. కుర్చీలోంచి లేచేటప్పుడు మోకాళ్ల మీద చేతులుంచి, ముందుకి వంగి, ఒక్క క్షణం ఆగి లేవండి. ఈ పద్ధతిలో రెండు గంటలైనా వయసు జారిపోదు. గొంతు వణికించే బదులు వాక్యాన్ని రెండు మూడు ముక్కలు చేసి మధ్యలో ఊపిరి తీసుకోండి. ఆ చోట్లు మీ డైలాగులు రాసుకున్న పోర్షన్ పుస్తకంలో పెన్సిల్‌తో గీతలు పెట్టుకోండి. ఎదుటివాడి చివరి మాట కూడా రాసుకోవాలి, అదే మీ క్యూ, అంటే మీరు మాట అందుకోవాల్సిన గుర్తు.

ఇక యాస. అగ్రహారం మాట వేరు, పొలం మాట వేరు. ‘ఏటి’, ‘సెప్పీసినాడు’, ‘ఎల్లిపోనాడు’ అని ప్రతి పాత్ర చేతా అనిపిస్తే అది ఉత్తరాంధ్ర కాదు, వెక్కిరింత. సినిమావాళ్లు శ్రీకాకుళం యాస అనగానే నవ్వించమంటారు కాబట్టి స్టేజీ మీద కూడా అదే అలవాటవుతోంది. ఓ ఉదయం ఆర్టీసీ కాంప్లెక్స్‌లోనో రైతుబజారులోనో కూర్చుని వినండి. మాటలకంటే వాక్యం చివర ఎక్కడ సాగుతోంది, ఎక్కడ తెగుతోంది అన్నది పట్టుకోవాలి.

మేకప్‌లో ఎక్కువ ఇబ్బంది పెట్టేది మీసం. ముందురోజే మీసం అంటించే జిగురు, స్పిరిట్ గమ్, ఓ చుక్క మోచేతి లోపలివైపు రాసి చూడండి. దురదపెట్టినా, ఎర్రబడినా ఆ గమ్ ముఖానికి వాడొద్దు. మీసానికి వాడే వెంట్రుకలు, క్రేప్ హెయిర్, జడలా అల్లి వస్తాయి. తడిపి, సాగదీసి, ఆరబెడితేగాని ఉంగరాలు పోవు. నాటకం రోజు నున్నగా గీసుకుని, మీసం చోట ముఖానికి పూసే బేస్ రంగు గానీ నూనె గానీ తగలనివ్వకండి, జిడ్డు మీద గమ్ పట్టదు. గమ్ పల్చగా రాసి వేలితో తట్టుతూ, జిగురు సాగేదాకా ఆగండి. అప్పుడు వెంట్రుకలు అద్ది, తడిపి పిండిన గుడ్డతో నొక్కండి. గమ్ తడిగా ఉండగానే అంటిస్తే మీసం జారిపోతుంది. ఒకే ముక్కగా ఉన్న మీసం నవ్వితే మధ్యలో లేస్తుంది. రెండు సగాలు చేసి ముక్కు కింద సన్నటి సందు వదలండి. మన ఉక్కలో పై పెదవి చెమట పట్టక మానదు. దాన్ని తుడవకూడదు, గుడ్డతో అద్దాలి. నాటకం అయ్యాక మీసం పీకేయకండి, కొబ్బరినూనెలో ముంచిన దూది కాసేపు ఉంచితే వదులవుతుంది.

ముడతలకి నల్ల పెన్సిల్ వద్దు, దూరానికి మసిలా కనిపిస్తుంది. నుదురు ముడిచి, మడత పడ్డచోట గోధుమరంగు గీత గీసి, పక్కన లేతరంగు పెట్టి, అంచులు కలిపేయండి. జుట్టుకి పౌడరు చల్లితే మొదటి అంకంలోనే భుజాల మీద రాలుతుంది. పాన్‌కేక్ అనే బిళ్ల మేకప్ రంగు తెల్లది తీసుకుని తడి టూత్‌బ్రష్‌తో పైపైన రాయండి. మెడ, చేతులు మర్చిపోతున్నారు చాలామంది. అరవయ్యేళ్ల ముఖం కింద పాతికేళ్ల చేతులు ముందువరసకి ఇట్టే తెలిసిపోతాయి.

కాలర్ మైకైతే కండువా దాన్ని రాసుకోకుండా రెండో భుజం మీదికి మార్చండి. వేలాడే మైకులైతే రిహార్సల్‌లోనే వాటి కింద చోట్లు గుర్తుపెట్టుకోండి.

శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారంలో పుట్టిన జె.వి.సోమయాజులు, జె.వి.రమణమూర్తి అన్నదమ్ములు స్టేజీ మీద రామప్పంతులు, గిరీశం వేసి సినిమాల్లోనూ నిలబడ్డారు. 1980లో శంకరాభరణం వచ్చేనాటికి సోమయాజులు డిప్యూటీ కలెక్టరు. ఉద్యోగం మానేసి హైదరాబాద్ బస్సెక్కమనేవాళ్ల మాట పక్కన పెట్టండి.

కెమెరా ముందు ఆఖరి వరుస ఉండదు. స్టేజీ మీద చేత్తో చెప్పింది క్లోజప్‌లో కంటితో చాలు. అయితే దూరం షాట్‌లో ఏ మాట దగ్గర చెయ్యి ఎత్తారో దగ్గర షాట్‌లోనూ అదే మాట దగ్గర ఎత్తాలి. లేకపోతే ఎడిటింగ్‌లో అతకదు, మీ మంచి ముక్కే ఎగిరిపోతుంది. డైలాగు సొంతంగా మారిస్తే, మీ నోట వచ్చిన మాట వెంటనే రాసుకోండి. డబ్బింగ్‌లో పెదవులు దాన్నే అడుగుతాయి.

ఆడిషన్ వీడియోకి ఫోన్ అడ్డంగా పెట్టి, ఖాళీ గోడ ముందు, వెలుగు ముఖం మీద పడేలా ఛాతీ వరకు తీయండి. పేరు, వయసు, ఎత్తు, ఊరు చెప్పి, నిమిషం మించని ముక్క చేయండి. మేకప్ వద్దు. వేషం ఇప్పిస్తామని ముందే డబ్బడిగితే అక్కడితో ఆపేయండి. తేదీలు, రోజుకి ఎంత, ప్రయాణ ఖర్చు ఎవరిది అన్నవి వాట్సాప్‌లో రాతలో తీసుకోండి. గడ్డం ఉన్న వేషమైతే పిలుపు రాగానే గడ్డం పెంచడం మొదలుపెట్టండి, క్లోజప్‌లో అంటించిన గడ్డం అంచు దాగదు. మొదటిరోజు షూటింగ్‌లో ముందునుంచీ, రెండు పక్కలనుంచీ ఫోటోలు తీసి ఉంచుకుని, తర్వాతి రోజుల్లో గడ్డం ఆ కొలతకే కత్తిరించుకోండి.