కుటుంబంతో అమెరికా ఎంబీఏ: అడ్మిషన్ నుంచి ఓపీటీ దాకా

రెండేళ్ల ఎంబీఏకి అమెరికా వెళ్లే తెలుగువాళ్లలో పెళ్లయినవాళ్లు, చంటిపిల్లలున్నవాళ్లు చాలామందే ఉంటారు. తొలి ఆర్నెల్లలో ఇంట్లో వచ్చే గొడవల్లో సగానికి చదువు కారణం కాదు. భార్యకో భర్తకో ఉద్యోగం చేసే వీలు లేదని అక్కడ దిగాక అర్థం కావడం, పాపని చేర్చుకోలేమని బడి చెప్పడం, ఇన్సూరెన్స్ గడువు దాటిపోవడం లాంటివే ఎక్కువ. వీటిలో చాలావాటిని ఇక్కడుండగానే సరిచేసుకోవచ్చు.

ముందు భాగస్వామి వీసా, తర్వాత కాలేజీ ర్యాంకు

ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద వెళ్లినవారి భార్య లేదా భర్తకి, 21 ఏళ్లలోపు పెళ్లికాని పిల్లలకి వచ్చేది ఎఫ్-2 వీసా. దాని మీద జీతం వచ్చే పని ఏదీ చేయకూడదు, క్యాంపస్‌లో చిన్న పని కూడా. పిల్లలు బడిలో మామూలుగా చదువుకోవచ్చు. పెద్దవాళ్లు మాత్రం గుర్తింపు ఉన్న సంస్థలో ఫుల్‌టైమ్ కన్నా తక్కువ కోర్సులే తీసుకోవాలి.

చాలామంది లెక్క తప్పేది ఇక్కడే. రెండేళ్లే కదా, ఓర్చుకుందాం అనుకుంటారు. ఎంబీఏ తర్వాత 12 నెలల ఓపీటీ (చదివిన రంగంలో ఉద్యోగం చేసే అనుమతి) ఉంటుంది. ప్రోగ్రామ్‌కి స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) గుర్తింపు ఉంటే, చేసే ఉద్యోగం అందుకు తగినదైతే మరో 24 నెలలు. అంతకాలమూ భాగస్వామి ఎఫ్-2లోనే ఉంటారు. విద్యార్థికి హెచ్-1బీ ఉద్యోగ వీసా వచ్చి భాగస్వామి హెచ్-4కి మారినా వెంటనే పని అనుమతి రాదు, సాధారణంగా గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 దరఖాస్తు ఆమోదం పొందేదాకా ఆగాలి. హైదరాబాద్‌లో మంచి ఉద్యోగం వదిలి వచ్చే మనిషికి ఆ విరామం ఐదేళ్లు దాటవచ్చు. ఈ మాట అడ్మిషన్ డిపాజిట్ కట్టకముందే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి. కట్టాక మాట్లాడితే అది చర్చ కాదు, ఒకరు ఒప్పుకోక తప్పని పరిస్థితి.

దారులు లేకపోలేదు. భాగస్వామి కూడా సొంతంగా అడ్మిషన్ తెచ్చుకుని ఎఫ్-1 మీద వెళ్లడం ఒకటి. ఎఫ్-2 మీద వెళ్లి తర్వాత ఎఫ్-1కి మారాలంటే ఐ-539 (స్టేటస్ మార్పు) దరఖాస్తుకి నెలలు పడుతుంది, అది ఆమోదమయ్యేదాకా ఫుల్‌టైమ్ క్లాసులు మొదలుపెట్టకూడదు. బహుళజాతి కంపెనీలో కనీసం ఏడాది పనిచేసినవాళ్లు అదే కంపెనీ ద్వారా ఎల్-1 (అమెరికా శాఖకి బదిలీ వీసా) అడగవచ్చు. ఇండియా కంపెనీకి అమెరికా ఇంట్లో కూర్చుని లాప్‌టాప్‌లో పనిచేద్దామనుకునేవాళ్లు వాట్సాప్ గ్రూపుల మాట మీద పోకుండా ఇమిగ్రేషన్ లాయర్‌కి ఫీజు కట్టి అడగాలి. పొరపాటు జరిగితే ఇద్దరి భవిష్యత్తు మీదా పడుతుంది.

దేశం ఇంకా తేల్చుకోనివాళ్లు పక్కదేశాలూ చూడాలి. కెనడాలో 2025 జనవరి 21 నుంచి, 16 నెలలు లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న మాస్టర్స్ చదివేవారి భాగస్వాములు ఓపెన్ వర్క్ పర్మిట్‌కి దరఖాస్తు చేయవచ్చు, రెండేళ్ల ఎంబీఏ ఇందులోకి వస్తుంది. బ్రిటన్‌లో దీనికి పూర్తిగా వ్యతిరేకం. 2024 జనవరి నుంచి మొదలైన ఎంబీఏ లాంటి కోర్సులకి కుటుంబాన్ని వెంట తీసుకెళ్లే వీలు సాధారణంగా లేదు.

డబ్బు, వీసా కాగితాలు

కుటుంబంలో ప్రతి ఒక్కరికీ విడిగా ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే, వీసాకి కావాల్సిన పత్రం) వస్తుంది. అందుకోసం యూనివర్సిటీ ఒక్కో మనిషికి ఇంత అని ఖర్చు పెంచి, దానికి సరిపడా నిధులు చూపమంటుంది. సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డు) ఫీజు 350 డాలర్లు విద్యార్థి ఒక్కరే కడతారు. వీసా దరఖాస్తు ఫీజు 185 డాలర్లు, డీఎస్-160 ఫారం మాత్రం తలా ఒకటి. కుటుంబం ఆలస్యంగా బయలుదేరినా సరే, వీసాకి అందరూ కలిసే వెళ్లడం మంచిది. విద్యార్థి ముందు వెళ్లవచ్చు, కుటుంబం తర్వాత రావచ్చు. కుటుంబం ముందు దిగడం కుదరదు. ప్రోగ్రామ్ మొదలయ్యే తేదీకి 30 రోజులకన్నా ముందు ఎవరూ అడుగుపెట్టలేరు.

బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ విద్యార్థి ఫీజులకి, జీవన ఖర్చులకి ఇచ్చేది. పెద్ద ఇంటి అద్దె, పిల్లల డేకేర్, కుటుంబం ఇన్సూరెన్స్ సాధారణంగా అందులోకి రావు. అవి చేతి డబ్బులోంచి పోవాలి. డబ్బు పంపేటప్పుడు 2025 ఏప్రిల్ నుంచి ఆర్థిక సంవత్సరానికి 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీదే టీసీఎస్ (బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను) పడుతుంది. గుర్తింపు ఉన్న సంస్థ ఇచ్చిన ఎడ్యుకేషన్ లోన్ మీద పంపే ఫీజుకి అది కూడా లేదు. ఇంటి ఖర్చు కోసం పంపితే చదువు కింద కాదు, బంధువుల పోషణ కింద లెక్కేస్తారు, రేటు ఎక్కువ. బ్యాంకులో పర్పస్ కోడ్ (డబ్బు ఎందుకు పంపుతున్నారో చెప్పే కోడ్) ఏది వేస్తున్నారో అడిగి రాయించుకోండి. కట్టిన టీసీఎస్‌ని రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు, కాకపోతే ఆ డబ్బు కొన్ని నెలలు చేతికందదు.

డేకేర్ లెక్కని చిన్నగా చూడొద్దు. బోస్టన్ లాంటి నగరాల్లో చంటిబిడ్డకి నెలకి రెండు వేల డాలర్లు దాటడం మామూలే, పైగా వెయిటింగ్ లిస్టు నెలల తరబడి ఉంటుంది. అడ్మిషన్ రాగానే, వీసాకన్నా ముందే, క్యాంపస్ డేకేర్‌లో పేరు నమోదు చేయించండి. డేకేర్ ఖర్చు, భాగస్వామి జీతం లేకపోవడం కలిపి చూసినప్పుడే రెండేళ్ల అసలు ఖర్చు తెలుస్తుంది.

పిల్లల టీకాలు: ఎక్కువమంది ఇరుక్కునే చోటు

ప్రభుత్వ పాఠశాలలో ఎఫ్-2 పిల్లలకి ఫీజు లేదు. మొదట అడిగేది టీకా రికార్డు. మన ప్రభుత్వ టీకాల పట్టికలో మీజిల్స్, రుబెల్లా కలిసిన ఎంఆర్ ఉంటుంది, గవదబిళ్లల టీకా ఉండదు. అమెరికా బడులు మూడూ కలిసిన ఎంఎంఆర్ రెండు డోసులు అడుగుతాయి. చికెన్‌పాక్స్ టీకా మన ప్రభుత్వ కార్యక్రమంలో లేదు, అక్కడ సాధారణంగా అది కూడా రెండు డోసులు కావాలి. హెపటైటిస్-బి, డీటీపీ కూడా చూస్తారు. పోలియో దగ్గర ఒక మెలిక ఉంది. 2016 ఏప్రిల్ నుంచి వేసిన చుక్కల మందుని అక్కడ లెక్కలోకి తీసుకోరు, ఇంజెక్షన్ డోసులే లెక్క. పల్స్ పోలియో చుక్కలు ఎన్నిసార్లు వేయించినా ఫలితం ఉండదు.

కాబట్టి బయలుదేరడానికి కనీసం మూడు నెలల ముందు పిల్లల డాక్టర్‌ని కలవండి. రెండు డోసుల మధ్య వారాల విరామం ఉండాలి కాబట్టి ఆఖరి వారంలో వెళితే లాభం లేదు. టీకా పుస్తకంలో చేతిరాత చాలదు. డాక్టర్ లెటర్‌హెడ్ మీద టీకా పేరు, తేదీ, సంతకం, ముద్రతో ఇంగ్లిష్‌లో ఒక పేజీ రాయించుకోండి. తేదీల్లో నెల పేరు అక్షరాల్లోనే రాయించాలి. మనం 05/08 అని ఆగస్టు అయిదుకి రాస్తే అక్కడ మే ఎనిమిది అని చదువుతారు, డోసుల మధ్య దూరం తప్పి మళ్లీ వేయమంటారు. బీసీజీ వేసుకున్న పిల్లలకి క్షయకి చర్మపరీక్ష చేస్తే వాచి పాజిటివ్ అనిపించవచ్చు. అడిగినచోట రక్తపరీక్ష చేయించమనండి.

కిండర్‌గార్టెన్‌కి ఐదేళ్లు నిండి ఉండాలి. కటాఫ్ తేదీ రాష్ట్రాన్ని బట్టి, ఒక్కోచోట ఊరిని బట్టి మారుతుంది. బర్త్ సర్టిఫికెట్, పాత బడి మార్కుల కాగితాలు, ఇంటి అగ్రిమెంట్ చేతిలో ఉంచుకోండి. చిరునామా రుజువు లేకుండా బడి చేర్చుకోదు, కాబట్టి ఇల్లు దొరికాకే బడి.

ఇల్లు, ఇన్సూరెన్స్

కుటుంబాలున్న విద్యార్థులకి స్టాన్‌ఫర్డ్‌లో ఎస్కాండిడో విలేజ్, ఎంఐటీలో వెస్ట్‌గేట్, డార్ట్‌మత్‌లో సేచమ్ విలేజ్ లాంటి ప్రత్యేక నివాసాలున్నాయి. అద్దె బయటకన్నా ప్రతిసారీ తక్కువ కాకపోవచ్చు. కానీ మెట్లు దిగితే పిల్లలు ఆడుకునే చోటు, మన లాంటి కుటుంబాలు కనిపించడం భాగస్వామికి ఎంత ఊరటో చెప్పలేం. లాటరీ పద్ధతి ఉన్నచోట గడువు వసంతకాలంలోనే ముగుస్తుంది. ఆగస్టులో అడిగితే ఖాళీ ఉండదు.

ఇన్సూరెన్స్‌లో కుటుంబాన్ని విడిగా చేర్చాలి. విద్యార్థి పేరు ఆటోమేటిగ్గా ఉంటుంది, మిగతావాళ్లది ఉండదు. కుటుంబం తర్వాత వస్తే, వాళ్లు దిగిన రోజు నుంచి లెక్కపెట్టే గడువు చాలాచోట్ల నెలరోజులే ఉంటుంది. అది దాటితే తర్వాతి సంవత్సరందాకా ఆగాలి. ఇక్కడ కొన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ గర్భానికి, ముందునుంచి ఉన్న జబ్బులకి సాధారణంగా పనికిరాదు. బిడ్డ పుడితే ఆ బిడ్డని కూడా నెలలోపు చేర్చాలి. పళ్లు, కళ్లజోడు సాధారణంగా ప్లాన్‌లో ఉండవు, ఇక్కడే చూపించుకుని వెళ్లండి.

తొలి సెమిస్టర్‌ని ఎలా దాటాలి

ఎంబీఏలో బరువంతా తొలి నాలుగు నెలల మీదే పడుతుంది. ఆగస్టులో ప్రీ-టర్మ్ (అసలు క్లాసులకి ముందు జరిగేవి), సెప్టెంబర్ నుంచి కంపెనీల ప్రెజెంటేషన్లు, కాఫీ చాట్‌లు (కంపెనీవాళ్లతో పరిచయపు మాటలు), నవంబర్–డిసెంబర్‌లో దరఖాస్తులు, జనవరిలో కన్సల్టింగ్, బ్యాంకింగ్ ఇంటర్వ్యూలు. క్లాసులు, గ్రూపు పని, ఇవన్నీ కలిపి వారానికి అరవై గంటలు సులువుగా దాటుతుంది. కొత్త దేశంలో కుటుంబం కాలూనుకోవాల్సిన నెలలు కూడా సరిగ్గా ఇవే.

అందుకే మా సలహా: విద్యార్థి మూడు నాలుగు వారాలు ముందు వెళ్లి ఇల్లు, బ్యాంకు ఖాతా, ఫోను, మంచాలు సిద్ధం చేయాలి. బడికి వెళ్లే పిల్లలుంటే కుటుంబం ఆగస్టు చివరికి చేరాలి, బడి సంవత్సరం మొదట్లో చేరిన పిల్లవాడు తొందరగా కలిసిపోతాడు. మూడేళ్లలోపు బిడ్డ ఒక్కరే ఉండి, ఇక్కడ అమ్మమ్మ తాతయ్యల తోడు ఉంటే డిసెంబర్ సెలవుల దాకా ఆగడమే నయం. అప్పుడు విద్యార్థికి రెండు మూడు వారాలు ఖాళీ ఉంటుంది, వచ్చినవాళ్లని స్థిరపరచవచ్చు.

వారం క్యాలెండర్‌ని ఆదివారం సాయంత్రం ఇద్దరూ కలిసి చూడాలి. క్లాసులు, గ్రూపు మీటింగులు, రిక్రూటింగ్ ఈవెంట్లు, పిల్లల డాక్టర్ అపాయింట్‌మెంట్లు అన్నీ ఒకే ఫోన్ క్యాలెండర్‌లో ఉండాలి. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా భోజనం, స్నానాలు, పడుకోబెట్టడం అని మూసేసి, ఆ సంగతి స్టడీ గ్రూపుకి మొదటి సమావేశంలోనే చెప్పేయండి. మొదటివారం చెబితే మీటింగులు దాని చుట్టూ సర్దుకుంటాయి, అక్టోబర్‌లో చెబితే తప్పించుకుంటున్నారని అనుకుంటారు. రిక్రూటింగ్ ఈవెంట్లు ఆ సమయంలోనే ఎక్కువగా పడతాయి. వారానికి రెండు రోజులు వాటికి వదిలి, ఏ రోజులో ముందే ఇంట్లో చెప్పండి. క్లబ్బులు రెండు చాలు. కేసులు (క్లాసులో చర్చించే కంపెనీల కథనాలు) తెల్లవారుజామున చదవడం పిల్లలున్నవాళ్లకి కలిసొస్తుంది, రాత్రి పదింటికి తెరిచిన కేసు బుర్రకెక్కదు.

భాగస్వామి రోజు ఎలా గడుస్తుంది

దీనికి సమాధానం లేకుండా ఎవరూ విమానం ఎక్కకూడదు. కారు నడపడం రావడమే సగం స్వేచ్ఛ. ఇక్కడ ఆర్టీఏలో ఏడాది చెల్లే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి. అక్కడ లైసెన్స్‌కి ఎఫ్-2 వాళ్లకి సోషల్ సెక్యూరిటీ నంబర్ రాదు కాబట్టి, అర్హత లేదన్న లేఖ ఆ ఆఫీసు నుంచి తెచ్చి చూపమనే రాష్ట్రాలున్నాయి. బ్యాంకు ఖాతా ఇద్దరి పేరా తెరవండి. ప్రతి చిన్న కొనుగోలుకి డబ్బు అడగాల్సి రావడం, నిన్నటిదాకా సంపాదించిన మనిషిని కుంగదీస్తుంది.

కెల్లాగ్‌లో భాగస్వాముల్ని జాయింట్ వెంచర్స్ అంటారు, వాళ్ల కోసమే క్లబ్బు ఉంది. వార్టన్‌లో, హార్వర్డ్‌లో కూడా పార్ట్‌నర్స్ క్లబ్బులున్నాయి. చేరకముందే వాళ్లకి మెయిల్ పెట్టి, మీ పిల్లల వయసున్న కుటుంబం ఒకటి కలపమని అడగండి. కొన్ని స్కూళ్లలో భాగస్వాములు ప్రొఫెసర్ అనుమతితో క్లాసులో కూర్చుని వినవచ్చు.

ఇండియాతో ఫోను, పెద్దవాళ్ల రాక

తూర్పు తీరానికి, మనకి తేడా వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, శీతాకాలంలో పదిన్నర. నవంబర్ మొదటి ఆదివారం, మార్చి రెండో ఆదివారం అక్కడి గడియారాలు మారతాయి, పెద్దవాళ్లకి ముందే చెప్పండి. అక్కడ ఉదయం ఏడున్నర అంటే ఇక్కడ సాయంత్రం అయిదు లేదా ఆరు. అదే స్థిరమైన వేళ. పిల్లలు ఇక్కడే ఉంటే బడికి తయారయ్యే ఆరున్నరకి అక్కడ రాత్రి ఎనిమిదో తొమ్మిదో అవుతుంది. రోజూ పది నిమిషాలు మాట్లాడితే చాలు, ఆదివారం గంటసేపు మాట్లాడటం దానికి సాటి కాదు.

అమ్మానాన్నల్నో అత్తమామల్నో సాయానికి పిలవాలంటే బీ-2 (సందర్శకుల) వీసా అపాయింట్‌మెంట్ హైదరాబాద్‌లో నెలల తర్వాతే దొరకవచ్చు, అడ్మిషన్ రాగానే మొదలుపెట్టండి. ఎప్పటిదాకా ఉండొచ్చో వీసా స్టాంపు చెప్పదు, ఐ-94 (అమెరికాలో దిగినప్పుడు నమోదయ్యే ప్రవేశ రికార్డు) మీది తేదీయే లెక్క. సాధారణంగా ఆరు నెలలు ఇస్తారు. జనవరి ఇంటర్వ్యూల వేళ వాళ్లు ఇంట్లో ఉండేలా చూసుకుంటే ఎంతో సాయం.

మర్చిపోయే కాగితాలు

సెలవులకి ఇండియా వచ్చేముందు విద్యార్థి ఐ-20తో పాటు కుటుంబం ఐ-20ల మీద కూడా ట్రావెల్ సంతకం (తిరిగి వెళ్లడానికి యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసు చేసేది) ఉండాలి. అది ఏడాది చెల్లుతుంది, ఓపీటీలో ఆర్నెల్లే. ఆదాయం లేకపోయినా ఎఫ్-2 వాళ్లు ఒక్కొక్కరూ, పసిబిడ్డతో సహా, ప్రతి ఏడాదీ అమెరికా పన్ను శాఖకి ఫారం 8843 పంపాలి. విద్యార్థి అనుమతి లేకుండా ఫుల్‌టైమ్ కన్నా తక్కువ క్రెడిట్లకి దిగితే కుటుంబం మొత్తం స్టేటస్ పోతుంది. ఇంట్లో జబ్బు చేసి కోర్సు వదలాల్సి వస్తే ముందు ఇంటర్నేషనల్ ఆఫీసుకి వెళ్లండి, తర్వాతే రిజిస్ట్రార్ దగ్గరికి.

ఓపీటీ దరఖాస్తు ప్రోగ్రామ్ ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి, ముగిశాక 60 రోజుల్లోపు చేరాలి. ఐ-20లు మారినప్పుడు కుటుంబానికీ కొత్తవి అడిగి తీసుకోండి. ఉద్యోగం వేరే ఊర్లో వస్తే జాయినింగ్ తేదీ ఖాయం చేసేముందు అక్కడి స్కూల్ డిస్ట్రిక్ట్‌లో (ఆ ప్రాంతపు ప్రభుత్వ బడుల విభాగం) బడులు ఎప్పుడు తెరుస్తారో చూడండి. దక్షిణాది రాష్ట్రాల్లో చాలాచోట్ల ఆగస్టు మొదట్లోనే బడి మొదలవుతుంది, న్యూయార్క్‌లో సెప్టెంబర్‌లో.