ఓడ ఎక్కేముందు ఒక చిన్న సంచి

మా మొదటి క్రూయిజ్‌లో, అంటే ఓడ విహారయాత్రలో, సాయంత్రం ఏడున్నర దాటినా మా అత్తయ్య బీపీ మాత్రలు గదికి చేరలేదు. అవి పెద్ద సూట్‌కేసులో ఉన్నాయి. సూట్‌కేసులన్నీ మధ్యాహ్నమే రేవులో పోర్టర్లు తీసేసుకున్నారు. వేలమంది సామాను స్కాన్ చేసి, అంతస్తుల వారీగా విడదీసి, గదిగదికీ చేర్చేసరికి రాత్రవుతుందని మాకు తెలియదు. నేను టెన్షన్‌తో కారిడార్‌లో అటూ ఇటూ తిరుగుతుంటే, అత్తయ్యే నన్ను ఓదార్చారు: "ఒక్క పూట ఆలస్యమైతే కొంపలేం మునగవులేమ్మా, కూర్చో." ఓడ మీద ఉండి ఆ మాట అనొచ్చా అని మా ఆయన పక్కనుంచి ఒకటే నవ్వు.

అప్పట్నుంచి పెద్ద పెట్టె సంగతి తర్వాత, చేతిసంచే ముందు సర్దుతున్నాను. పాస్‌పోర్టులు, వీసా కాగితాలు, బోర్డింగ్ పాసులు, మందులన్నీ (ప్రయాణం రోజులకన్నా మూడు నాలుగు రోజులకు ఎక్కువే), కళ్ళద్దాలు, చార్జర్, ఒక జత బట్టలు అందులోనే. ఈత దుస్తులు కూడా. మొదటి మధ్యాహ్నం అందరి ఈత దుస్తులూ సూట్‌కేసుల్లో ఇరుక్కుని ఉంటాయి కాబట్టి పూల్ దాదాపు ఖాళీ. మళ్ళీ వారం రోజుల్లో అంత ఖాళీగా కనిపించదు.

ఓడ బయలుదేరే ఊరికి ఒక రోజు ముందే చేరుకోండి. విమానం ఆలస్యమైతే ఓడ ఆగదు. వీసా విషయంలో మాత్రం టికెట్ కొనేముందే రూట్ మ్యాప్ తీసి కూర్చోవాలి. గ్రీసులో ఎక్కి, మధ్యలో టర్కీ రేవులో ఆగి, మళ్ళీ గ్రీసుకు వస్తే షెంగెన్ (ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల కూటమి, టర్కీ అందులో లేదు) లెక్కలో అది రెండోసారి ప్రవేశించినట్టు. షెంగెన్ వీసా అవసరమైనవాళ్ళు ఒక్కసారి ప్రవేశానికే తీసుకుంటే అక్కడ చిక్కుకుంటారు. పాస్‌పోర్టుకు తిరుగు ప్రయాణం తర్వాత కూడా ఆరు నెలల గడువు ఉంటే నిశ్చింత. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు, నడిసముద్రం నుంచి ఆసుపత్రికి తరలించే ఖర్చు అందులో ఉందో లేదో చూడండి. ఓడలో డాక్టరు ఉంటారు గానీ ఫీజు మన జేబులోంచే, అదీ గట్టిగానే.

ఇక గది. బాల్కనీ గదా, కిటికీ గదా, లోపలి గదా అని అందరూ దాని గురించే ఆలోచిస్తారు. అంతకన్నా ముఖ్యం, గది ఓడలో ఎక్కడుంది అన్నది. పార్కులో పిల్లలు పైకీ కిందికీ ఊగే బల్ల మీద చివర కూర్చున్నవాడే ఎక్కువ ఎగురుతాడు, మధ్యలోవాడు కదలడు. ఓడా అంతే. ముందు కొసన, పై అంతస్తుల్లో ఊగుడు ఎక్కువ, నడిమధ్యలో కింది అంతస్తుల్లో తక్కువ. ఓడ డెక్ ప్లాన్ (ఏ అంతస్తులో ఏముందో చూపే పటం) కంపెనీ సైట్‌లోనే ఉంటుంది. దాంట్లో మీ గదికి పైన ఏముందో, కింద ఏముందో చూడండి. పైనా కిందా గదులే ఉంటే హాయి. మా రెండో ప్రయాణంలో సరిగ్గా పూల్ డెక్ కింద గది తీసుకున్నాం. తెల్లారకముందే కుర్చీలు బరబరా ఈడ్చే చప్పుడు. ధర బాగా తక్కువుందంటే కిటికీకి అడ్డంగా లైఫ్‌బోటు వేలాడుతోందేమో కూడా చూసుకోవాలి. కిటికీ లేని లోపలి గది నాకు ఇష్టమే, చీకట్లో నిద్ర బాగా పడుతుంది. కాకపోతే తెల్లారిందో లేదో తెలియదు. చాలా ఓడల్లో ముందువైపు కెమెరా చూపించే టీవీ ఛానల్ ఒకటి ఉంటుంది, రాత్రంతా సౌండ్ లేకుండా దాన్ని పెట్టుకుంటే అదే మన కిటికీ.

గది గోడలు చాలావరకు ఉక్కువే. అయస్కాంతం హుక్కులు నాలుగైదు పట్టుకెళ్తే టోపీలు, తడి బట్టలు, సంచులు గోడకే వేలాడతాయి. గది చిన్నది కదా, ఇది చాలా పెద్ద ఉపకారం. ఖాళీ సూట్‌కేసులు మంచం కిందికి తోసేయొచ్చు. ఇస్త్రీ పెట్టె, కెటిల్, సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సు మాత్రం తీసుకెళ్ళకండి. ఓడలో అన్నిటికన్నా భయపడేది నిప్పుకే. స్కానింగ్‌లో పట్టుకుని పక్కన పెట్టేస్తారు.

కడుపులో తిప్పడం గురించి నన్ను అడగనివాళ్ళు లేరు. లోపలి చెవి "కదులుతున్నాం" అంటుంది, గది గోడల్ని చూసే కళ్ళు "లేదు, కదలట్లేదు" అంటాయి. ఆ తగాదాకే వాంతులు. పెద్ద ఓడలకు నీళ్ళలో రెక్కల్లాంటి స్టెబిలైజర్లు ఉంటాయి, అవి పక్కలకు ఊగడాన్ని చాలా తగ్గిస్తాయి. అయినా గాలి గట్టిగా ఉన్న రోజు తేడా తెలుస్తుంది. మందు వేసుకోవాలంటే తిప్పడం మొదలయ్యాక కాదు, ముందే. మెక్లిజిన్ లాంటి మాత్ర అయితే గంట ముందు. చెవి వెనక అంటించే స్కోపోలమిన్ పట్టీ అయితే కనీసం నాలుగు గంటల ముందు. పెద్దవాళ్ళకూ, గ్లకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవాళ్ళకూ వీటితో ఇబ్బందులు రావచ్చు కాబట్టి డాక్టర్ని అడగకుండా వద్దు. మా అత్తయ్య మాత్రలేవీ వేసుకోలేదు. డెక్ మీద మధ్యలో కుర్చీ వేసుకుని, నీళ్ళూ ఆకాశం కలిసే గీతను చూస్తూ కూర్చున్నారు. నేను గదిలో పడుకుని ఫోన్ చూస్తూ అవస్థ పడ్డాను. ఎవరిది తెలివో చెప్పనక్కర్లేదు. ఖాళీ కడుపుతో ఉండటమూ మంచిది కాదు, కొంచెం కొంచెం తినాలి.

ఎక్కిన రోజు మస్టర్ డ్రిల్ అనే అత్యవసర అభ్యాసం ఉంటుంది. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినబడితే ఎక్కడికి చేరాలో చూపిస్తారు. విసుక్కోకండి. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా అనే క్రూయిజ్ ఓడ రాతికి గుద్దుకుని ఒరిగిపోయినప్పుడు 32 మంది చనిపోయారు. ఆ రోజే ఎక్కిన చాలామందికి అప్పటికి డ్రిల్ జరగనే లేదు. అప్పట్లో 24 గంటల్లోపు జరిపితే సరిపోయేది. ఆ తర్వాత నియమం మారింది, 2015 నుంచి ఓడ కదలకముందో, కదిలిన వెంటనేనో జరపాల్సిందే. నేనైతే డ్రిల్ అయ్యాక గది నుంచి ఆ చోటికి ఒకసారి మెట్ల మీద నడిచి చూస్తాను. నిజంగా ప్రమాదం వస్తే లిఫ్టులు ఉండవు కదా.

ఓడ మీద చేతులు సబ్బుతో కడగండి. తలుపు దగ్గరుండే శానిటైజర్ నోరోవైరస్ మీద అంతగా పనిచేయదు. ఒకళ్ళకు వాంతులూ విరేచనాలూ మొదలైతే బఫే గరిటెల ద్వారా అందరికీ పాకుతాయి.

నేను బాగా అనుభవించి తెలుసుకున్నది రేవుల సంగతే. ముందుగా, టికెట్ మీద రాసిన ఊరూ ఓడ ఆగే ఊరూ ఒకటి కాకపోవచ్చు. రోమ్ అంటారు, ఆగేది చివితావెక్కియాలో. అక్కణ్ణుంచి రైల్లో రోమ్‌కు సుమారు గంట. రానూ పోనూ కలిపి లెక్కేసుకుంటే రోజు సగానికి తగ్గిపోతుంది. అంత దూరం పోయి మూడు చోట్లు చూడాలని పరిగెత్తేకన్నా ఒక్కచోటు తీరిగ్గా చూసి రావడం నాకు నచ్చింది. ఒకసారి రేవు ఊళ్ళోనే ఉండిపోయి, బల్ల మీద కూర్చుని, పక్షులకు బిస్కెట్ ముక్కలు వేస్తూ నాలుగు గంటలు గడిపాం. వెళ్ళినవాళ్ళు ఫొటోలు చూపించారు. మాకేం అసూయ కలగలేదు.

కొన్నిచోట్ల ఓడ రేవుకు ఆనదు. గ్రీసు ద్వీపం సాంటోరినిలో నడి నీళ్ళలోనే ఆగుతుంది, చిన్న బోట్లలో ఒడ్డుకు చేరుస్తారు. ఒడ్డు నుంచి కొండ మీది ఊరికి కేబుల్ కారు, లేదా దాదాపు 600 మెట్లు. ఎక్కడం తేలికే, దిగేటప్పుడే ఉంది అసలు కథ. అన్ని ఓడలవాళ్ళూ ఒకే వేళకు దిగాలనుకుంటారు. మేము కేబుల్ కారు లైన్లో గంట నిలబడి, లాభం లేదని మెట్లు పట్టుకున్నాం. గాడిదలను తప్పించుకుంటూ, వాటి పేడను తప్పించుకుంటూ దిగి, చివరి బోటుకు ముందు బోటు అందుకున్నాం. అత్తయ్య ఆ రోజు ఓడలోనే ఉండిపోవడం మా అదృష్టం.

తిరిగి రావలసిన సమయం ఓడ బయలుదేరే సమయం కాదు. దానికి అరగంటో గంటో ముందుంటుంది. పైగా ఓడ గడియారం ఒకటి, ఊరి గడియారం ఒకటి కావచ్చు. ఒడ్డున సిగ్నల్ తగలగానే ఫోన్ ఊరి టైమ్‌కు మారిపోతుంది. ఒక మామూలు చేతి గడియారం ఓడ టైమ్‌కు పెట్టుకుని దాన్నే నమ్మండి. ఓడవాళ్ళే నడిపే టూర్‌లో వెళ్తే, బస్సు ఆలస్యమైనా ఆ బాధ్యత వాళ్ళదే. సొంతంగా వెళ్తే ఓడ మనకోసం ఆగదు. నేను సొంతంగా వెళ్ళినా, రావలసిన టైమ్‌కు రెండు గంటల ముందే రేవు చుట్టుపక్కలకు చేరిపోతాను. ముందురోజు రాత్రి ఇచ్చే కరపత్రంలోనో యాప్‌లోనో పోర్ట్ ఏజెంట్ (ఆ రేవులో ఓడ కంపెనీ తరఫు మనిషి) నంబరు ఉంటుంది, దాన్ని ఫొటో తీసి పెట్టుకోండి. గాలి బాగాలేకపోతే కెప్టెన్ ఒక రేవును పూర్తిగా వదిలేయవచ్చు కూడా. ఎంతో ఆశపడి వెళ్ళే ఊరు ఒక్కటే అయితే, దానికి క్రూయిజ్ సరైన దారి కాదు.

డబ్బు గురించి రెండు మాటలు. ఓడలో ఏది కొన్నా గది కార్డు మీదే రాస్తారు. డబ్బు చేతిలో కనబడదు కాబట్టి ఖర్చూ కనబడదు. చాలా కంపెనీలు మనిషికి రోజుకింత అని టిప్పులు కూడా వాటంతటవే కలుపుతాయి. డెబిట్ కార్డు ఇస్తే బ్యాంకులో కొంత సొమ్ము రోజుల తరబడి ఆగిపోతుంది, క్రెడిట్ కార్డు నయం. ఓడ ఎక్కగానే ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. సముద్రం మీద దొరికే మొబైల్ సిగ్నల్ ఉపగ్రహం మీద నడిచేది, ఇంటికొచ్చాక బిల్లు చూసి గుండె గుభేలుమంటుంది. డ్రింక్ ప్యాకేజీలు కొనేముందు రోజుకు నిజంగా ఎన్ని తాగుతారో లెక్కేయండి. రేవు ఉన్న రోజు సగం బయటే గడుస్తుంది.

చివరి రాత్రి సూట్‌కేసులు తలుపు బయట పెట్టమంటారు, తెల్లారేసరికి అవి ఓడ దిగిపోతాయి. మా ఆయన అంత శ్రద్ధగా సర్దారంటే, ఉన్న రెండు జతల బూట్లూ అందులోకే వెళ్ళిపోయాయి. పొద్దున గదిలో ఇచ్చిన తెల్ల గుడ్డ చెప్పులతో ఇమిగ్రేషన్ లైన్లో నిలబడ్డారు. అందుకని మర్నాటి బట్టలు, చెప్పులు, పాస్‌పోర్టు ముందే తీసి మంచం మీద పెట్టుకోండి. బిల్లు ఆ రాత్రే టీవీలోనో యాప్‌లోనో చూసి, తప్పులుంటే అప్పుడే అడగండి. పొద్దున రిసెప్షన్ దగ్గర లైను మెట్లదాకా ఉంటుంది.

దిగాక ఒకట్రెండు రోజులు నేల ఊగినట్టు అనిపిస్తే కంగారు పడకండి, చాలామందికి అంతే, దానంతటదే తగ్గిపోతుంది. ఇంటికొచ్చిన రాత్రి అత్తయ్య స్నానాల గదిలో గోడ పట్టుకుని నిలబడి, "ఓడ ఇంకా ఆగలేదేమిటే?" అని లోపల్నుంచి కేకేశారు.