చెత్తబండి చెత్త తీసుకోనంటోందా? తడి-పొడి చిక్కులు, వాటి పరిష్కారాలు

హైదరాబాదులో ఇంటికి పచ్చడబ్బా, నీలం డబ్బా. ఆంధ్రలో 2021 అక్టోబర్‌లో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం మొదలయ్యాక వాటికి ఎర్రడబ్బా తోడైంది. పచ్చ తడికి, నీలం పొడికి, ఎరుపు ప్రమాదకరమైన వాటికి. ఇంతవరకు అందరికీ తెలుసు. అయినా పొద్దున్నే గుమ్మం ముందు పేచీ తప్పడం లేదు. రంగు సరిగ్గా చూసుకుని వేసినా రెండు పొరపాట్లు జరిగిపోతుంటాయి: పొడిలోకి తడి చేరుతుంది, తడిలోకి ప్లాస్టిక్ చేరుతుంది. కింద చెప్పిన చిక్కుల్లో చాలావాటికి మూలం ఈ రెండే.

బండివాళ్ళు తడి చెత్త వెనక్కి ఇచ్చేస్తున్నారు

చెత్తంతా కవర్లో మూటకట్టి ఇస్తున్నారేమో చూడండి. ఎక్కువసార్లు కారణం అదే. లోపల ఉన్నది శుద్ధమైన కూరగాయల తొక్కే అయినా, పైన ముడేసిన కవరు ఉంటే అది తడి చెత్త కింద లెక్క కాదు. ఎరువు యార్డులో ముక్కలు చేసే యంత్రం పళ్ళకు కవర్లు చుట్టుకుని యంత్రం ఆగిపోతుంది. ఆగకుండా లోపలికి పోయినవి ఎరువులో చిన్న చిన్న ముక్కలై మిగులుతాయి, అలాంటి ఎరువును రైతు తీసుకోడు. సిద్దిపేట దగ్గర బుస్సాపూర్‌లో ఉన్నట్టు తడి చెత్త నుంచి గ్యాసు తీసే ప్లాంటు అయినా ఇంతే. ప్లాస్టిక్ నుంచి గ్యాసు రాదు సరికదా, ట్యాంకులో పేరుకుపోయి అడ్డుపడుతుంది.

కవరు మానేయండి. డబ్బా అడుగున పాత న్యూస్‌పేపర్ రెండు మూడు పొరలు పరిచి, చెత్త నేరుగా అందులో వేయండి. బండి రాగానే డబ్బానే పచ్చ అరలో బోర్లించాలి. కాగితం కూడా చెత్తతోపాటు పోతుంది, డబ్బాకి జిగురు అంటదు. ఇల్లు పై అంతస్తులో ఉండి కవరు తప్పదనుకుంటే, బండి దగ్గర కవరు విప్పి చెత్త ఒంపి, ఖాళీ కవరు విడిగా ఇవ్వండి.

పర్యావరణానికి మేలు అని రాసి అమ్మే పచ్చ కవర్లనూ నమ్ముకోవద్దు. వాటిలో నిజంగా కుళ్ళేవి కూడా పెద్ద యార్డుల్లోని వేడికే కుళ్ళుతాయి. పైగా బండి దగ్గర నిలబడిన మనిషికి ఏది అసలో ఏది నకిలీయో ఒక్క చూపులో తెలియదు, అందుకే రెండింటినీ ఒకే గాటన కట్టేస్తాడు.

కవరు లేకపోయినా వెనక్కి ఇస్తుంటే, తొక్కల మధ్య వెతకండి. కరివేపాకు కట్టకు వేసిన రబ్బరు బ్యాండు, యాపిల్ మీది స్టిక్కరు, పూలదండలోని దారం, అల్లం-వెల్లుల్లి పేస్టు పొట్లం. దండల సంగతి ముఖ్యంగా చెప్పుకోవాలి. నూలు దారమైతే పర్వాలేదు, జరీ రిబ్బనో నైలాన్ దారమో అయితే పూలు దూసేసి దారాన్ని పొడిలో వేయాలి.

తడి డబ్బా కంపు కొడుతోంది, పురుగులు పడుతున్నాయి

కంపుకి కారణం చెత్త కాదు, నీళ్ళు. మిగిలిన పప్పుచారు, మజ్జిగ, కడిగిన బియ్యం నీళ్ళు డబ్బాలో పోస్తే అడుగున నిలుస్తాయి. అక్కడ గాలి ఆడదు, గాలి లేని చోట కుళ్ళితేనే ఆ ముక్కుపుటాలు అదిరే వాసన. పురుగుల సంగతి వేరు. అవి ఎక్కడి నుంచో పాకి రావు. ఈగ పెట్టిన గుడ్లు వేసవిలో ఒక్క రోజులోపే పొదుగుతాయి. రాత్రి పడేసిన చేపపొట్టు మీద ఈగ వాలితే మర్నాటికి పురుగులు కనబడతాయి.

మిగిలిన కూరలు, చారు ముందు జల్లెడలోనో చిల్లుల గిన్నెలోనో పోసి, నీళ్ళు సింకులోకి వదిలి, గట్టిది మాత్రమే డబ్బాలో వేయండి. నూనె ఎక్కువ ఉంటే సింకులో వద్దు, గొట్టంలో గడ్డకడుతుంది. దాన్ని న్యూస్‌పేపర్ ముక్కతో తుడిచి ఆ కాగితాన్నే తడిలో వేయండి. పుచ్చకాయ, బొప్పాయి తొక్కల రోజున అడుగున ఇంకో పొర కాగితం. పైన గుప్పెడు ఎండుటాకులో కొబ్బరిపొట్టో చల్లితే తేమ పీల్చుకుంటుంది, ఈగ వాలేందుకు చోటుండదు.

చేపపొట్టు, కోడి తోలు, రొయ్య పొలుసు కాగితంలో చుట్టి, దాన్నొక మూత డబ్బాలో పెట్టి, బండి వచ్చేవరకు ఫ్రీజర్లో ఉంచండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోకపోతే, మాంసం వండుకునేది బండి వచ్చే ముందురోజు రాత్రి కాకుండా ఆ రోజు పొద్దున పెట్టుకోవడం రెండో దారి. డబ్బా కడిగేందుకు సబ్బు, వేణ్ణీళ్ళు చాలు. కడిగాక బోర్లించి ఎండలో ఆరబెట్టడమే అసలు పని. తడిగా ఉన్న డబ్బాలో మళ్ళీ చెత్త వేస్తే కడిగిన ఫలితం సాయంత్రానికే పోతుంది. చెత్త మీద ఫినాయిల్ కుమ్మరించడం మాత్రం వద్దు. రేపు దాన్ని కుళ్ళబెట్టాల్సిన సూక్ష్మజీవుల్ని మనమే ముందుగా చంపినట్టవుతుంది.

పొడి చెత్త సంచికి చీమలు, బొద్దింకలు

ముందు పాల ప్యాకెట్లు చూడండి, నూటికి తొంభై ఇళ్ళలో దొంగ అక్కడే దొరుకుతుంది. పాలు పోసేశాక మిగిలిన నాలుగు చుక్కలు చాలు, సాయంత్రానికల్లా పులిసి చీమల బారు మొదలవుతుంది.

ప్యాకెట్ మూల కత్తిరించేటప్పుడు ముక్క పూర్తిగా తెగిపోకుండా, కవరుకే వేలాడేలా గాటు పెట్టండి. ఆ చిన్న త్రికోణం ముక్కలు ఎవరి చేతికీ చిక్కవు, మురుగు కాలువలోనో మట్టిలోనో తేలతాయి. పాలు పోశాక కవరు పైభాగం అడ్డంగా కోసి, అంట్లు తోమిన తర్వాత మిగిలే ఆఖరి నీళ్ళలో ఒకసారి ముంచి తీయండి. మంచినీళ్ళు వృథా చేయనక్కర్లేదు. తర్వాత సింకు పక్క గోడ పలకకు అతికిస్తే అదే నిలుస్తుంది, ఆరాక ఊడి పడుతుంది. అలా ఆరిన కవర్లు పొరలు పొరలుగా పేర్చి కట్టకడితే, పాత సామాన్లవాడు బేరమాడకుండా తీసుకుంటాడు.

పెరుగు డబ్బాలు, జామ్ సీసాలు, బిర్యానీ డబ్బాలు కూడా అంతే. తళతళ మెరవాల్సిన పని లేదు, నాకితే రుచి తగలనంత శుభ్రం చాలు. జిడ్డు ఎంతకీ వదలని మసాలా పొట్లం, సాస్ ప్యాకెట్ తుడిచి పొడిలో వేయండి, రీసైక్లింగుకి వెళ్ళకపోయినా సంచిని పాడుచేయదు. నూనె పీల్చుకున్న పిజ్జా పెట్టె, పునుగుల పొట్లం కాగితం మాత్రం పొడిలో వద్దు. కాగితం మిల్లులో గుజ్జు చేసేటప్పుడు నూనె పైకి తేలి మొత్తం బ్యాచ్ మీద మచ్చలు పడతాయి. మూత వైపు శుభ్రంగా ఉంటే చింపి పొడిలో, నూనె వైపు ముక్కలు చేసి తడిలో.

పాత సామాన్లవాడు కొన్ని తీసుకుని, మిగతావి వదిలేస్తున్నాడు

అతను మొండికేయడం లేదు, తనకు కొనేవాడు లేనివి వదిలేస్తున్నాడు. ప్లాస్టిక్ వస్తువు అడుగున త్రికోణంలో ఉండే అంకె చూడండి. 1 నీళ్ళ సీసాలు, 2 షాంపూ, ఫినాయిల్ డబ్బాలు, 5 కర్రీ పాయింట్ డబ్బాలు. వీటికి గిరాకీ ఉంటుంది. 6 థర్మోకోల్, నురుగు పెట్టెలు. బరువు లేదు, చోటు తింటుంది, ఎవరూ మోయరు. 7 అంటే మిగతావన్నీ అని అర్థం, రకరకాలు కలిసినవి కూడా అందులోనే.

అంకె లేని పొట్లాలకి పిడికిలి పరీక్ష పనికొస్తుంది. చిప్స్ ప్యాకెట్‌ను గట్టిగా నలిపి వదలండి. మళ్ళీ విచ్చుకుంటే అది వెండిలా మెరిసే ప్లాస్టిక్ పొర, రీసైకిల్ కాదు. నలిగినది నలిగినట్టే ఉండిపోతే అల్యూమినియం రేకు, కడిగి ఇస్తే తీసుకుంటారు. విచ్చుకునేవి కూడా పొడిలోనే వేయాలి. కరెంటు తయారుచేసే ప్లాంట్లకో సిమెంటు బట్టీలకో అవే ఇంధనం.

కాగితంలా కనబడి కాగితం కానివి ఉన్నాయి. టీ కప్పుకి లోపల ప్లాస్టిక్ పూత. బఫే ప్లేటు మీద వెండి రంగు పొర. జ్యూస్ పెట్టెలో అట్ట, ప్లాస్టిక్, అల్యూమినియం మూడూ. ఏటీఎం చీటీ, పెట్రోలు బంకు బిల్లు రసాయనం పూసిన కాగితాలు. వీటిని న్యూస్‌పేపర్ కట్టలో కలిపితే కట్ట మొత్తానికి ధర పడిపోతుంది. విడిగా పొడి సంచిలో వేయండి.

మేం విడగొట్టి ఇచ్చినా బండిలో కలిపేస్తున్నారు

అందరినీ ఎక్కువ నీరుగార్చే సమస్య ఇదే, ఇందులో న్యాయం కూడా ఉంది. బండిలో రెండు అరలున్నా, దారిలో నలుగురు కలిపి ఇస్తే తడి అర ముందుగా నిండుతుంది. అప్పుడు ఏది ఎందులో పడుతుందో పట్టించుకునే తీరిక ఉండదు. అపార్టుమెంట్లలో కలిపేది చాలాసార్లు బండి కాదు, కింద పెట్టిన ఒకే ఒక్క పెద్ద డ్రమ్ము. ముందు ఏ దశలో కలుస్తోందో కిందికి దిగి చూసి తెలుసుకోండి.

పొడి చెత్త కుళ్ళదు కాబట్టి రోజూ ఇవ్వాల్సిన పని లేదు. దీన్ని వాడుకుంటే సగం సమస్య తీరుతుంది. కడిగి ఆరబెట్టినవి గోనెసంచిలో వారం పాటు దాచండి. సీసాలు, డబ్బాలు తొక్కి చదును చేస్తే నలుగురున్న ఇంటికి వారానికి ఒక సంచి సరిపోతుంది. రోజూ బండికి తడి ఒక్కటే ఇవ్వండి, కలపడానికి ఇంకేమీ ఉండదు. వారానికోసారి సంచిని పొడి చెత్త సేకరణ కేంద్రానికో, చిత్తు కాగితాలు ఏరే మనిషికో ఇవ్వండి. అపార్టుమెంటులో అయితే రెండు డ్రమ్ములు పెట్టి, పొడి డ్రమ్ము తాళం వాచ్‌మన్ దగ్గర ఉంచి, అమ్మగా వచ్చిన డబ్బు అతనికే వదిలేయండి. ఆ తర్వాత పర్యవేక్షణ ఎవరూ చేయనక్కర్లేదు.

డైపర్లు, గాజు పెంకులు, సూదులు ఏ డబ్బాలో?

కేంద్ర ప్రభుత్వం తెచ్చిన 2016 ఘన వ్యర్థాల నిబంధనలు చెత్తను మూడు రకాలుగా విడగొట్టమన్నాయి. 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన కొత్త నిబంధనల్లో నాలుగు: తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైనవి. మీ ఊళ్ళో డబ్బాలు రెండే ఉన్నా, చేతికి విడిగా ఇస్తే చాలు.

డైపర్లో ఉన్న మలాన్ని ముందు మరుగుదొడ్లో దులిపేయాలి. తర్వాత చుట్టి, న్యూస్‌పేపర్లో పొట్లం కట్టి, పైన ఎర్ర స్కెచ్చుతో పెద్ద చుక్క పెట్టండి. ప్యాడ్లకూ ఇదే పద్ధతి. చుక్క ఎందుకంటే, పొట్లాలు విప్పి ఏరేది చేతులే కాబట్టి.

పగిలిన గాజు, బ్లేడు ముక్కలు మందమైన అట్టపెట్టెలో వేసి, టేపు చుట్టి, పైన 'గాజు' అని రాసి చేతికివ్వండి. ఇన్సులిన్ సూదులు బిగించే మూత ఉన్న గట్టి ప్లాస్టిక్ సీసాలో వేయాలి. ముప్పావు వంతు నిండగానే మూతకు టేపు వేసి ఎర్రడబ్బాలోకి. పలచని నీళ్ళ సీసా పనికిరాదు, సూది బయటికి పొడుచుకొస్తుంది. గడువు దాటిన మందులు కూడా ఇటే, ఖాళీ అయిన మాత్రల షీట్లు మాత్రం పొడి.

సంచిలోంచి పొగ, కాలిన వాసన

దాదాపు ఎప్పుడూ లిథియం బ్యాటరీయే. పాత ఫోను, పవర్ బ్యాంకు, ఇయర్‌బడ్స్ డబ్బా, పిల్లల బొమ్మ. బండిలో చెత్త నొక్కుకుపోయినప్పుడు బ్యాటరీ చితికి లోపలే షార్టవుతుంది, చుట్టూ ఎండు కాగితం ఉండనే ఉంది. వీటిని పొడిలో ఎప్పుడూ వేయొద్దు. కొనల మీద సెల్లోటేపు అతికించి, విడి డబ్బాలో దాచి, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే దుకాణంలో ఇవ్వండి. ఉబ్బిన బ్యాటరీని పొడవకూడదు, నొక్కకూడదు. ఇసుక పోసిన రేకు డబ్బాలో పెట్టి ఇంటి బయట ఉంచండి.

సీఎఫ్ఎల్ బల్బు, ట్యూబ్‌లైటు పగిలితే అందులో కొన్ని మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది. చీపురుతో ఊడిస్తే గదంతా పరుచుకుంటుంది. కిటికీలు తీసి, పావుగంట బయట ఉండి వచ్చి, అట్టముక్కతో ఎత్తి, బల్బులోంచి రాలిన పొడి మిగిలిన చోట టేపు అద్ది తీసి, అన్నీ మూతున్న గాజుసీసాలో వేసి ఎర్రడబ్బాకు ఇవ్వండి.

పెళ్ళి, పూజ అయిన మర్నాడు బండి ఎత్తనంటోంది

వందమందికి మించిన కార్యక్రమమైతే మూడు పనిదినాల ముందే మునిసిపాలిటీకి చెప్పాలని 2016 నిబంధనల్లోనే ఉంది. చెప్పకుండా మర్నాడు పది సంచులు పెడితే చిన్న ఆటోలో చోటెక్కడిది? వడ్డించే చోటే రెండు డ్రమ్ములు పెట్టించండి, ఒకటి మిగిలిన అన్నానికి, ఒకటి ప్లేట్లకి, గ్లాసులకి. మోదుగ, అరటి ఆకుల్లో తింటే రెండూ ఒకటే డ్రమ్ము. వెండి పూత ప్లేట్లు అయితే అన్నం దులపకుండా పొడిలో వేయొద్దు. అరటి బోదెలు, మామిడి తోరణాలు అడుగు పొడవు ముక్కలుగా నరికితేనే బండి అరలో పడతాయి.

వినాయక చవితి పత్రి తడిలోకే, తోరణం పురికొస తీసేసి. కొబ్బరి టెంకలు, బోండాలు, మామిడి టెంకలు నెమ్మదిగా కుళ్ళుతాయి, అయినా తడే. బోండాలను నాలుగు చీలికలు చేసి ఇవ్వండి, లేదంటే వానాకాలంలో వాటిలో నీరు నిలిచి దోమలు పెరుగుతాయి. ఇల్లు ఊడ్చిన దుమ్ము, తలవెంట్రుకలు కాగితంలో పొట్లం కట్టి పొడిలో వేయండి.