పాత కారు, సొంత పానా – 9వ పాఠం: చిరిగిన సీవీ బూట్ (మొదటి భాగం)

పోయినసారి బ్రేక్ ప్యాడ్లు మార్చేటప్పుడు ముందు చక్రం రిమ్ము లోపలి వైపు ఓసారి చెయ్యి తిప్పి చూడమన్నాను. చెయ్యి శుభ్రంగా వచ్చినవాళ్లు ఈ పాఠం తీరిగ్గా చదువుకోవచ్చు. నల్లగా, జిగటగా వచ్చినవాళ్లు మాత్రం ఈ వారమే చదవాలి.

ముందు ఆ నలుపు ఏమిటో తేల్చుకోండి. పల్చగా నీళ్లలా జారితే అది బ్రేక్ ఆయిల్ కావచ్చు. అలాగైతే సీవీ బూట్ (ఇంజిన్ బలాన్ని ముందు చక్రానికి చేర్చే షాఫ్ట్ జాయింట్ మీది రబ్బరు తొడుగు) సంగతి పక్కనపెట్టి, బండి కదపకుండా బ్రేకుల పని చూడండి. చిక్కగా, కాటుకలా అంటుకుని, రిమ్ము లోపల చుట్టూ గీత గీసినట్టు చిమ్మి ఉంటే అది సీవీ జాయింట్ గ్రీజు. బూట్ చిరిగితే చక్రం తిరిగే వేగానికి గ్రీజు అలాగే చిమ్ముతుంది.

అంబాసిడర్ మీద చెయ్యి తిరిగినవాళ్లకు ఈ జాయింట్ కొత్త. అందులో ఇంజిన్ బలం వెనక చక్రాలకు పోయేది, ముందు చక్రాల పని మలుపు తిరగడమే. 1983 డిసెంబర్‌లో వచ్చిన మారుతి 800లో ముందు చక్రాలు మలుపూ తిరగాలి, బండినీ లాగాలి. షాఫ్ట్ వంపులో ఉన్నప్పుడు పాతరకం క్రాస్ జాయింట్ ఒక్క చుట్టులోనే రెండుసార్లు వేగం పెరిగి తగ్గుతూ తిప్పుతుంది. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా చక్రం అలా కుదుపుతూ తిరిగితే బండి నడపలేం. సీవీ జాయింట్‌లో మామూలుగా ఆరు ఉక్కు గుండ్లు గాడుల్లో జారుతూ, షాఫ్ట్ వంపులో ఉన్నా ఒకే వేగంతో తిప్పుతాయి. సీవీ అంటే స్థిరవేగం అనే అర్థం.

దీనికి గ్రీజు నిప్పుల్, అంటే బయటినుంచి గ్రీజు ఎక్కించే మూతి, ఉండదు. లోపల ఒకసారి పెట్టిన గ్రీజే దాని జీవితకాలానికి సరిపోవాలి. ఆ గ్రీజును బయటికి పోనివ్వకుండా, దుమ్మును లోపలికి రానివ్వకుండా కాపాడేది మడతల రబ్బరు తొడుగు ఒక్కటే. దాన్నే బూట్ అంటాం. చక్రం వైపు బూట్ స్టీరింగ్‌తో పాటు బాగా వంగుతుంది కాబట్టి సాధారణంగా అదే ముందు చిరుగుతుంది.

నా 1998 మోడల్ 800కి ఎడమవైపు బూట్ చిరిగినప్పుడు, "బూటేగా సార్, తర్వాత చూద్దాం" అన్నాడు మెకానిక్. నాకూ ఆ మాటే కావలసి వచ్చింది, సరే అన్నాను. ఒక వానాకాలం గడిచేసరికి బూట్‌తో పోయే పనికి షాఫ్ట్ మొత్తం మార్చాల్సి వచ్చింది.

ఇప్పుడు పరీక్ష. బండిని చదును నేల మీద ఆపి హ్యాండ్ బ్రేక్ వేయండి. స్టీరింగ్ పూర్తిగా ఒక వైపు తిప్పి, ఇంజిన్ ఆపి, టార్చి పట్టుకుని బూట్ మడతలను వేళ్లతో విడదీసి చూడండి. చీలిక దాదాపు ఎప్పుడూ మడత లోతులోనే మొదలవుతుంది, పైనుంచి కనబడదు. తర్వాత ఖాళీ మైదానంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి, మొదటి గేరులో నెమ్మదిగా గుండ్రంగా తిప్పండి. ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి. అద్దాలు దించి వినండి. టక్‌టక్‌టక్ అని చక్రంతో పాటు లయగా శబ్దం వస్తే జాయింట్ అరిగింది. సాధారణంగా మలుపుకు బయటివైపు ఉన్న చక్రానిదే ఆ శబ్దం. ఎడమకు తిరిగేటప్పుడు వస్తే కుడి జాయింట్‌ను అనుమానించండి.

శబ్దం వస్తుంటే కొత్త బూట్ కొనకండి. పుచ్చిన పన్నుకు తొడుగు వేసినట్టే అవుతుంది. జాయింటో, షాఫ్టో మార్చాల్సిందే. అలాగే నడిపితే ఒకరోజు జాయింట్ విడిపోతుంది. అప్పుడు ఇంజిన్ తిరుగుతుంది, గేరు పడుతుంది, బండి మాత్రం కదలదు, ఎందుకంటే రెండు చక్రాలకూ బలం పంచే డిఫరెన్షియల్ తెగిన వైపే ఊరికే తిప్పుతుంది. గేరులో పెట్టి ఆపినా బండి నిలవదు, హ్యాండ్ బ్రేకే దిక్కు.

శబ్దం లేకపోతే గ్రీజును అడగాలి. ఈ పాఠంలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే. చీలికలోంచి కాస్త గ్రీజు తీసుకుని బొటనవేలు, చూపుడువేలు మధ్య రుద్దండి. వెన్నలా మెత్తగా ఉంటే మీరు సకాలంలో చూశారు, కొత్త బూట్, కొత్త గ్రీజు చాలు. రవ్వలా గరగరమంటే దుమ్ము దూరింది. జాయింట్ విప్పి, కడిగి, గాడుల్లో గుంటలు పడ్డాయేమో చూశాకే నిర్ణయం. పాలు కలిపినట్టు తెల్లబారినా, తుప్పు రంగు కనిపించినా నీళ్లు చేరాయి. ఎండలో పట్టి చూస్తే చెమ్కీ పొడిలా మెరిసిందంటే అది గుండ్ల నుంచో గాడుల నుంచో రాలిన ఉక్కు, ఇక ఆశ పెట్టుకోవద్దు.

సైకిల్ ట్యూబు చుట్టి తీగ కట్టేవాళ్లను చూశాను. నేనూ ఒకసారి కట్టాను, ఊరు చేరే లోపే ఊడింది. షాఫ్ట్ విప్పకుండా అంటించే రెండు ముక్కల బూట్లూ దొరుకుతాయి. అంచుకు కాస్త గ్రీజు తగిలినా వాటి జిగురు పట్టదు. దారిలో ఇరుక్కుంటే సరే గానీ, ఇంట్లో కూర్చుని చేసే పనికి నేను వాటిని ఒప్పుకోను.

సామాను ఇప్పుడే తెచ్చుకోండి. బూట్, పెద్ద క్లిప్పు, చిన్న క్లిప్పు, గ్రీజు ప్యాకెట్, సర్క్లిప్ (జాయింట్ జారిపోకుండా పట్టే తీగ రింగు) కలిసి కిట్‌గా వస్తాయి. మోడల్, సంవత్సరం చెప్పి అడగండి, ఒకే పేరున్న బండిలోనే కొలతలు మారతాయి. గ్రీజు మాలిబ్డినం కలిసిన నల్లదే కావాలి. ఇంట్లో ఉన్న బేరింగ్ గ్రీజుతో సరిపెట్టకండి. హబ్ నట్టుకు (చక్రం మధ్యలో షాఫ్ట్ చివర ఉండే పెద్ద నట్టు) అది వదులవకుండా గుచ్చే కొత్త స్ప్లిట్ పిన్ను కూడా రాసుకోండి.

ఈ రాత్రికి పని ఒక్కటే. హబ్ నట్టు మీద తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి నాననివ్వండి. నట్టు మాత్రం ఇప్పుడే విప్పకండి. చక్రం బేరింగ్‌ను బిగించి పట్టుకునేది అదే, వదులైన నట్టుతో బండి నడపకూడదు.

వచ్చే భాగంలో షాఫ్ట్ లాగుతాం. లాగగానే గేర్‌బాక్స్ లోంచి ఆయిల్ కారుతుంది, ఇంట్లో అడిగి ఒక పాత పళ్లెం సిద్ధంగా పెట్టుకోండి.