తల్లి మేకకు పొదుగువాపు వస్తే పుట్టిన పిల్లను కాపాడుకోవడం ఎలా?

ఈనిన మేక పిల్లను దగ్గరికి రానివ్వకుండా తంతోందంటే దానికి పొగరు అనుకోకండి, ముందు పొదుగు పట్టుకుని చూడండి. ఒక పక్క వేడిగా, గట్టిగా ఉండి, పితికితే పాలల్లో తరకలో నెత్తురు చారలో కనిపిస్తే అది పొదుగువాపే. పశువుల డాక్టర్‌ని పిలవండి, లేదంటే పశువుల అంబులెన్స్ నంబర్ 1962కి ఫోన్ చేయండి. పొదుగు చల్లబడి నీలంగా మారితే మాత్రం తెల్లారేదాకా ఆగకూడదు. డాక్టర్ వచ్చేలోపు చెడిన పాలు పిండేసి, కొట్టంలో కాకుండా దూరంగా గోతిలో పోయండి. మేక ముందు నీళ్లు, పచ్చి ఆకు పెట్టండి. పసుపు, సున్నం పూసి ఊరుకుంటే లాభం లేదు.

ఇక పిల్ల. పొడి బట్ట, గోనెసంచి, టింక్చర్ అయోడిన్, సూది తీసేసిన సిరంజి, పాలపీక ఉన్న సీసా చాలు. ఒళ్లు తుడిచి, బొడ్డును అయోడిన్‌లో ముంచి, గాలి తగలని చోట పడుకోబెట్టండి.

మేకపిల్లకు రోగాల్ని తట్టుకునే శక్తి తల్లి కడుపులో ఉండగా అందదు, పుట్టాక జున్నుపాల నుంచే రావాలి, అదీ మొదటి రోజులోనే. అందుకే గంట, రెండు గంటల్లో మొదటి విడత పడాలి. కిలో బరువుకు సుమారు 50 మి.లీ. చొప్పున, మొదటి రోజు మూడు నాలుగు సార్లు, రాత్రి కూడా లేచి పట్టాలి. తల్లి పాలు చెడ్డాయి కాబట్టి అదే టైమ్‌లో ఈనిన ఇంకో మేక జున్నుపాలు పట్టండి, అవి దొరక్కపోతే ఆవువైనా సరే. గ్లాసును వేడినీళ్ల గిన్నెలో పెట్టి గోరువెచ్చగా చేయండి. పొయ్యి మీద పెట్టారో, గిన్నెలో జున్ను మిగులుతుంది, పిల్లకు ఏమీ మిగలదు.

అందరూ చెడగొట్టేది ఆ తర్వాతే, పాలు పట్టేటప్పుడు.

ముందు మీ చిటికెన వేలు శుభ్రంగా కడిగి పిల్ల నోట్లో పెట్టండి. లోపల చల్లగా ఉంటే పాల జోలికి పోవద్దు. ఒళ్లు చల్లబడిన పిల్లకు పోసిన పాలు అరగవు, సరిగ్గా మింగలేదు కూడా. గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసా పక్కన పెట్టి, నోరు వెచ్చబడేదాకా ఓపిక పట్టండి. వెచ్చబడ్డాక మళ్లీ వేలు పెడితే చప్పరించాలి. చప్పరించకపోతే బలవంతంగా పోయకండి, గొట్టం వేసి పట్టాల్సింది డాక్టరే.

చప్పరిస్తోందా, అప్పుడు నాలుగు కాళ్ల మీద నిలబెట్టండి, లేదా కాళ్లు ముడిచి బోర్లా కూర్చోబెట్టండి. చంటిపిల్లాడిలా ఒళ్లో వెల్లకిలా వేసుకుంటారు చాలామంది, చూడ్డానికి ముద్దుగానే ఉంటుంది, పాలు మాత్రం ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తల్లి దగ్గర తాగేటప్పుడు మెడ ఎంత ఎత్తుంటుందో అంతే ఎత్తండి. వేలు చప్పరించినా పీకను లాగలేనంత నీరసంగా ఉంటే సిరంజి పెదవి మూల నుంచి పెట్టి చుక్క వేయండి, మింగిందని గొంతు కదలిక చూశాకే ఇంకో చుక్క. దగ్గినా, ముక్కులోంచి పాలు వచ్చినా ఆపేసి తల కిందికి వంచండి. ఆ తర్వాత ఊపిరి గురగురమంటే డాక్టర్‌కి చూపించాలి.

ఉగ్గుగిన్నెతోనో వెదురు గొట్టంతోనో గటగటా పోసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. టైమ్ కలిసొస్తుందంటారు. మేక పొట్టలో నాలుగు అరలుంటాయి, పీక చప్పరిస్తేనే పాలు మొదటి అరలో ఆగిపోకుండా నేరుగా నాలుగో అరకు దిగుతాయి, అందుకే కాస్త తేరుకోగానే పీకకు మార్చేయాలి. పాత పీకైతే చిల్లు చూసుకోండి, సీసా తిరగేస్తే పాలు ధారగా కారకూడదు.

పిల్లను తల్లికి కనిపించేలా, వాసన తగిలేలా తడిక అవతలే ఉంచండి. పూర్తిగా విడదీస్తే తర్వాత తల్లి దగ్గరికి రానివ్వకపోవచ్చు. మందులు అయ్యాక కూడా వెంటనే వదలొద్దు. నల్లగుడ్డ మీద నాలుగు చుక్కలు పితికి తరకలు లేవని చూసుకుని, డాక్టర్ సరేనన్నాకే పాలకు వదలండి.